డేటన్ యాత్ర - సైకిలు చైను సేవ

ఒహైయోలో డేటన్ అని ఒక ఊరున్నదని మనవాళ్ళందరికీ తెలుసు. కొలంబస్ నుంచి ఐ-70 మీద ఇండియానాపొలిస్ వైపు పోతుంటే ఎడమచేతి పక్కన ఉండిపోతుంది. దారిలో గ్యాసుకు ఆగినవారున్నారు. పక్కనున్న బీవర్‌క్రీక్‌లో హిందూ దేవాలయానికి వెళ్ళి, దర్శనం చేసుకుని, పులిహోర తిని, వచ్చిన దారినే ఇంటికి చేరినవారున్నారు. ఊరు చూసినవారు మాత్రం తక్కువ. ఈ జూన్ నెలలో మేము మూడు కుటుంబాలవాళ్ళం, పిల్లాపెద్దా కలిసి పదకొండుమందిమి, కార్ల వెనక ఆరు సైకిళ్ళు కట్టుకుని వెళ్ళి రెండు రోజులు అక్కడ గడిపి వచ్చాము. చూసింది చెప్పడం, దానితోపాటు ఒక చిన్న చేతిపని గురించి నాలుగు మాటలు రాయడం మా ఉద్దేశం. చేతిపని అంటే మరేం లేదు, సైకిలు చైను శుభ్రం చేసుకోవడం. యాత్ర కబుర్లలో చైనేమిటని పాఠకులు విసుక్కోవద్దు. డేటన్‌లో ఏ మూలకు పోయినా చైను కాలికి చుట్టుకుంటుంది.

రైట్ సోదరులు విమానం కనిపెట్టారని చిన్నప్పుడు వాచకంలో చదువుకున్నాము. కనిపెట్టేనాటికి వాళ్ళకు కూడు పెడుతున్నది సైకిలు షాపు. 1892లో విల్బర్, ఆర్విల్ ఇద్దరూ కలిసి డేటన్‌లో షాపు తెరిచారు. అమ్మకం, అద్దె, రిపేరు, అన్నీ వాళ్ళే. 1896 నుంచి స్వంతంగా సైకిళ్ళు తయారుచేశారు. వాన్ క్లీవ్ అని ఒక రకం, సెయింట్ క్లెయిర్ అని ఇంకొక రకం. చక్రం నడిమధ్య భాగానికి నూనె తనంతట తానే అందుతూ, దుమ్ము లోపలికి పోకుండా ఉండే ఏర్పాటొకటి వాళ్ళ సైకిళ్ళ ప్రత్యేకత. తొక్కుతుంటే ఊడి రాని పెడలు చేశామని 1900లో చెప్పుకున్నారు. దుమ్ము, నూనె, వదులైపోయే మరలు. ఈ మూడింటితో కుస్తీ పట్టినవాళ్ళే తరువాత గాలితో కుస్తీ పట్టారు.

1895 నుంచి 1897 వరకు వాళ్ళు షాపు నడిపిన ఇటుకల భవనం 22 సౌత్ విలియమ్స్ వీధిలో ఇప్పటికీ ఉంది. 1992లో ఏర్పడిన జాతీయ చారిత్రక పార్కులో అది ఒక భాగం. టికెట్టు లేదు. చిన్న గది, చెక్క నేల, పనిముట్లు, గోడకు సైకిళ్ళు. మన ఊళ్ళలో గంటకింత అని సైకిలు అద్దెకిచ్చే షాపు గుర్తున్నవాళ్ళకు ఆ గది కొత్తగా అనిపించదు. విమానం తయారయిన చివరి షాపు ఇక్కడ లేదు. వెస్ట్ థర్డ్ వీధిలో 1127 నంబరు భవనాన్ని 1937లో హెన్రీ ఫోర్డ్ విప్పించి మిషిగన్‌లోని డియర్‌బార్న్‌కు తరలించి, తన గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో నిలబెట్టించాడు. కనుక డిట్రాయిట్ మిత్రులకు అది పెరటి చెట్టు. పెరటి చెట్టు సామెత వాళ్ళకు తెలిసిందే!

ఈ పేటలోనే ఒక చిన్న విశేషం. నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్‌బార్, ఆర్విల్ హైస్కూల్లో ఒక తరగతివాళ్ళు. సైకిళ్ళకు ముందు అన్నదమ్ములకు ప్రింటింగు ప్రెస్సు ఉండేది. 1890లో డన్‌బార్ తన జాతివారి కోసం నడిపిన 'డేటన్ టాట్లర్' పత్రికను వాళ్ళే అచ్చువేశారు. మూడు సంచికలు వచ్చి ఆగిపోయింది. మన సంపాదకులు ఈ వాక్యం దగ్గర నిట్టూర్చవద్దని మనవి.

ఇక చైను సంగతి. మా బృందంలో ఒకరి తండ్రిగారు ఈ ఏప్రిల్‌లో తెనాలి నుంచి వచ్చారు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయినవారు. డెబ్బైనాలుగేళ్ళు. మేమందరం మాస్టారనే పిలుస్తాము. ముప్ఫైఅయిదేళ్ళ పాటు పక్క ఊరి హైస్కూలుకు ర్యాలీ సైకిలు మీద పోయివచ్చిన మనిషి. క్రిందటేడు భార్య పోయారు. ఒక్కరే ఉండలేరని కొడుకు పట్టుబట్టి తీసుకువచ్చాడు. వచ్చిన నెల రోజులకు పలకరించడానికి వెళ్ళాము.

"ఇక్కడ మీకేం లోటు, మాస్టారూ?" అన్నాడు మాలో ఒకడు, మాటవరసకు.

"లోటేమీ లేదు బాబూ. కాళ్ళు లేవు, అంతే" అన్నారాయన.

నవ్వాము గాని, ఆ మాట ఇంటికి వచ్చాక కూడా వదల్లేదు. కొడుకూ కోడలూ ఏడున్నరకు ఆఫీసుకు పోతారు. మనవడు బడికి పోతాడు. లైబ్రరీ రెండు మైళ్ళు, కూరగాయల దుకాణం మూడు మైళ్ళు. నడుద్దామంటే సైడ్‌వాక్ సగం దారిలో అయిపోతుంది. కారు నడపడం రాదు, ఈ వయసులో నేర్పేవాళ్ళూ లేరు. ఇది ఆ ఒక్క ఇంటి సంగతా? కిటికీ పక్కన కుర్చీ వేసుకుని మెయిల్ ట్రక్కు కోసం చూసే పెద్దవాళ్ళు మన ఎన్ని ఇళ్ళల్లో లేరు? ఆర్నెల్లుంటారని టికెట్టు కొంటాము, మూడో నెలలో "ఇల్లు ఎలా ఉందో, కొబ్బరిచెట్లకు నీళ్ళు పోస్తున్నారో లేదో" అని మొదలవుతుంది. కొబ్బరిచెట్ల మీద దిగులు కాదది.

గరాజులో గోడకు ఒక సైకిలు వేలాడుతుండేది. కొడుకు యూనివర్సిటీలో చదివేటప్పుడు కొన్నది. మంచు రోజుల్లో ఉప్పు చల్లిన రోడ్ల మీద తొక్కి, ఉద్యోగం వచ్చాక తగిలించినది మళ్ళీ దించలేదు. చైను ఎర్రగా తుప్పుపట్టి కర్రలా బిగుసుకుపోయింది. దగ్గరలో ఉన్న ఒక షాపుకు తీసుకుపోతే, రిపేరుకయ్యే డబ్బుతో కొత్తది కొనుక్కోవచ్చు, పారేయండి అన్నారట. కొడుకు సరేనని కొత్తది కొనబోయాడు. మాస్టారు ఒప్పుకోలేదు.

"ఒరే అబ్బాయ్, చక్రాలు తిరుగుతున్నాయి, బ్రేకులు పడుతున్నాయి. చైను పట్టేసిందని బండి పారేస్తారుట్రా? కాస్త కిరసనాయిలు ఉంటే చూడు."

ఈ దేశంలో ఇంట్లో కిరసనాయిలు ఎక్కడిది? హార్డ్‌వేర్ దుకాణంలో డబ్బా దొరికింది. ఆ శనివారం మేమూ చేరాము. మాలో ఇద్దరు మెకానికల్ ఇంజనీర్లు, ఒకరు డాక్టరు. చేతికి మసి అంటించుకున్నది మాత్రం మాస్టారూ, ఆయన పదకొండేళ్ళ మనవడూ. ఆ పద్ధతి ఇక్కడ వివరంగా రాస్తున్నాము, ఎవరికైనా పనికివస్తుంది.

ముందు చైను విప్పాలి. మన ఊరి సైకిళ్ళకు చైనులో ఒక లాక్ లింకు ఉంటుంది, దానికి చిన్న క్లిప్పు. స్క్రూడ్రైవరుతో మీటితే ఊడుతుంది. తిరిగి వేసేటప్పుడు క్లిప్పు మూసివున్న కొన చైను సాగే దిక్కుకు ఉండాలి. తెరిచిన కొన ముందుకు పెడితే ఏదో ఒకటి తగిలి దారిలో ఊడిపోతుంది. ఇక్కడి గేరు సైకిళ్ళ చైను సన్నం. క్లిప్పు బదులు రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి జారి బిగిసే లింకు ఉంటుంది. పట్టుకారుతో రెండు వైపుల నుంచీ దగ్గరకు నొక్కితే విడుతుంది. కొన్ని చైన్లకు అదీ ఉండదు, పిన్నును నెట్టే పరికరం కావాలి.

విప్పిన చైను వెడల్పాటి డబ్బాలో వేసి, మునిగేదాకా కిరసనాయిలు పోసి, ఒక రాత్రి ఉంచారు. మర్నాడు పాత టూత్‌బ్రష్షుతో రుద్దారు. నల్లటి ముద్ద కరిగి వచ్చింది. మళ్ళీ కొత్త కిరసనాయిలులో జాడించారు. బిగుసుకున్న లింకులను ఒక్కొక్కటీ రెండు చేతులతో పట్టి అటూ ఇటూ వంచితే వదులయ్యాయి. గుడ్డతో తుడిచి ఎండలో ఆరబెట్టారు. వెనక పళ్ళచక్రాల సందుల్లో బట్టపేలిక దూర్చి, మజ్జిగ చిలికినట్లు అటూ ఇటూ లాగి శుభ్రం చేశారు. కిరసనాయిలు బదులు గ్యాసొలిన్ వాడేవారున్నారు. గరాజులో నీళ్ళ హీటరు మండుతుండగా ఆ పని చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. వాడిన కిరసనాయిలు డ్రెయిన్‌లో పోయకండి. సీసాలో ఉంచితే మురికి అడుగున పేరుకుంటుంది, పైది మళ్ళీ పనికివస్తుంది. అడుగుది కౌంటీవాళ్ళు ప్రమాదకరమైన చెత్త తీసుకునే రోజున ఇచ్చేయవచ్చు.

తరువాత మాస్టారు స్కేలు అడిగారు. సైకిలు చైనులో ఒక పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమికి అర అంగుళం. కనుక ఇరవైనాలుగు లింకులకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. చైను సాగిందని అంటాము గాని ఇనుము రబ్బరులా సాగదు. పిన్నులూ, అవి తిరిగే లోపలి భాగాలూ అరిగి, ప్రతి లింకు దగ్గరా వెంట్రుకంత వదులు చేరుతుంది. అన్నీ కలిస్తే పొడవు పెరుగుతుంది. 12 అంగుళాల మీద పదహారో వంతు ఎక్కువుంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా రానిస్తే పళ్ళచక్రాలు కూడా ఆ పాడు కొలతకే అరిగిపోతాయి. అప్పుడు కొత్త చైను వేసినా పళ్ళ మీద నుంచి జారుతుంది, చక్రాలూ కొనాలి. ఈ చైను పదహారో వంతుకు లోపలే ఉంది. తుప్పు పైపైది, అరుగుదల తక్కువ. పారేయమన్న బండికి ఆయుర్దాయం స్కేలు మీద కనబడింది!

"ఎన్ని లింకులున్నాయో లెక్కపెట్టరా" అన్నారు మాస్టారు మనవడితో. వాడు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఆయన తెలుగులో అందుకున్నారు. ఇద్దరూ కలిసి చివరికి వచ్చేసరికి నూటపదహారు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇక్కడ కొత్త గేరు చైన్లు చాలావరకు 116 లింకులతోనే అమ్ముతారని మాలో ఒకరు చెప్పినా ఆయన వినిపించుకోలేదు. నూనె వేసేటప్పుడు రోలరుకొక చుక్క, వాడు చుక్క వేయడం, ఆయన లెక్క చెప్పడం. పెళ్ళిలో చదివింపుల వరస.

నూనె ఎక్కడ పోయాలన్నదే చాలామంది గమనించని విషయం. చైనుకు పని లోపల, రోలరుకూ పిన్నుకూ మధ్య. పైన కారుతూ ఉండే నూనె దుమ్ము పట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. నూనె, ఇసుక కలిస్తే సానపట్టే ముద్ద తయారవుతుంది. అదే లింకులను అరగదీస్తుంది. అందుకని చుక్క వేసి, పెడలు వెనక్కి తిప్పి, కాసేపు ఆగి, పైనున్నదంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. చేత్తో పట్టుకుంటే నల్లగా అంటకూడదు. డబ్ల్యూడీ-40 కొట్టేస్తే సరిపోదా అని మాలో ఒకరు అడిగారు. అది 1953లో శాన్ డియేగోలో లోహం మీద నీరు నిలవకుండా చేయడానికి తయారయిన ద్రవం. తుప్పు వదిలించడానికి మంచిదే. చైనులో నిలిచే నూనెగా మరీ పలచన. ఇంకొక సంగతి విని మా ఇంజనీర్లే ఆశ్చర్యపోయారు. 1999లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీవాళ్ళు సైకిలు చైనును ప్రయోగశాలలో పరీక్షించి, తొక్కిన శక్తిలో 98.6 శాతం దాకా చక్రానికి చేరుతున్నదని తేల్చారు. ఏ నూనె వేశారన్నదానితో ఆ అంకె పెద్దగా మారలేదు. అది శుభ్రమైన గదిలో మాట. మన రోడ్ల మీద దుమ్మూ, వానా, ఉప్పూ ఉన్నాయి. అక్కడ నూనె చేసే మేలు తుప్పునూ అరుగుదలనూ ఆపడం.

ఆ సాయంత్రం మాస్టారు వీధి చివరి దాకా తొక్కి వచ్చారు. చప్పుడు లేదు. సోమవారం లైబ్రరీకి ఒక్కరే వెళ్ళారు. ఆ వారంలోనే మేము డేటన్ ప్రయాణం అనుకోవడం, ఆయన "నేనూ సైకిలు తెస్తాను" అనడం జరిగాయి.

డేటన్‌లో కారిలన్ పార్కు అని ఒకటుంది. అక్కడ రైట్ సోదరుల 1905 నాటి మూడవ విమానం ఉంది. ఆ ఏడు అక్టోబరు 5న అది హఫ్‌మన్ ప్రెయిరీ అనే పచ్చికబయలు మీద 39 నిమిషాల్లో 24 మైళ్ళు తిరిగింది. విమానాన్ని పల్లంలో పెట్టారు, చుట్టూ నిలబడి చూడవచ్చు. అందరూ రెక్కలు చూస్తుంటే మాస్టారు వంగి చైన్లు చూశారు. ఇంజను నుంచి వెనకనున్న రెండు ప్రొపెల్లర్లకూ చైన్లే. 1903 నాటి మొదటి విమానంలోనూ అంతే. ఆ చైన్లు ఇండియానాపొలిస్ కంపెనీ తయారుచేసినవి. అక్కడ 1890లో సైకిలు చైన్లు చేయడానికి మొదలయిన ఆ ఫ్యాక్టరీయే తరువాత డైమండ్ చైన్ అనే పేరుతో నడిచింది. దాన్ని మూసేస్తున్నట్లు 2022లో ప్రకటించారు.

సైకిలుకు ముందు చక్రం పెద్దది, వెనకది చిన్నది, వేగం పెరగడానికి. మొదటి విమానంలో ఇది తిరగబడింది. ఇంజను దగ్గర 8 పళ్ళు, ప్రొపెల్లరు దగ్గర 23 పళ్ళు. ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే ప్రొపెల్లరు మూడువందల యాభై లోపు. మాస్టారు మనవడిచేత నోటితో భాగహారం చేయించారు. రెండు ప్రొపెల్లర్లూ ఒకే దిక్కుకు తిరిగితే విమానం ఒక పక్కకు లాగుతుంది. అందుకని ఒకవైపు చైనును ఎనిమిది అంకెలా మెలివేశారు. మెలివేసిన చైను కొట్టుకోకుండా గొట్టాల్లో నడిపారు. ఇంత తెలివీ సైకిలు షాపులో పుట్టిందే.

1903 నవంబరులో కిట్టీ హాక్ ఇసుకలో ఆ పళ్ళచక్రాలు ఇరుసు మీద వదులై ఒక పట్టాన నిలవలేదు. చివరకు సైకిలు టైరు అంటించే బంకతో బిగించారు, నిలిచాయి. వారం తిరక్కుండా ఇరుసే చీలింది. ఆర్విల్ రైలెక్కి డేటన్ వచ్చి, గట్టి ఉక్కుతో కొత్త ఇరుసులు చేయించుకుని, డిసెంబరు 11న తిరిగి చేరాడు. 17న ఎగిరారు. మొదటిసారి 12 సెకండ్లు, 120 అడుగులు. నాలుగోసారి 59 సెకండ్లు, 852 అడుగులు. తరువాత గాలి వచ్చి విమానాన్ని దొర్లించేసింది, అది మళ్ళీ ఎగరలేదు.

రెండో రోజు జీనియా నుంచి యెల్లో స్ప్రింగ్స్ దాకా సైకిళ్ళు తొక్కాము. పాత రైలుమార్గం తీసేసి ఆ కట్ట మీద వేసిన తారుబాట. లిటిల్ మయామి ట్రెయిల్ అంటారు, మొత్తం 70 మైళ్ళ పైమాటే. రైలు కోసం చదును చేసిన నేల గనుక ఎత్తుపల్లాలు లేవు, పెద్దవాళ్ళకు హాయి. రెండు పక్కలా చెట్ల నీడ, నడుమ నడుమ మొక్కజొన్న చేలు. 1974 ఏప్రిల్ 3న టోర్నడో పడి సగం ధ్వంసమయిన ఊరు జీనియా. ఇప్పుడు చూస్తే ఆనవాలు కనబడదు, కాకపోతే కొన్ని వీధుల్లో పాత ఇళ్ళు ఎందుకు లేవో తెలుస్తుంది.

దారిలో ఒక అమెరికన్ పెద్దావిడ చైను పడిపోయి బండి పక్కన నిలబడి ఉన్నది. మాస్టారు ఎవరూ చెప్పకుండానే దిగారు. ఆయనకు గేరు మార్చే ఆ ఊగే చెయ్యి కొత్త. మనవడు దాన్ని ముందుకు నెట్టి చైను వదులు చేశాడు. ఆయన ఒక పుల్లతో చైనును పళ్ళ మీదికెత్తి, పెడలు మెల్లగా తిప్పారు. టక్కున కూర్చుంది. చేతికి మసి అంటలేదు. ఆవిడ థాంక్స్ చెప్పి, ఎన్నేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నారని అడిగింది. మనవడు తెలుగు చేసి చెప్పాడు. వాడు తాతగారికీ బయటివాళ్ళకూ మధ్య నిలబడి మాట తిప్పి చెప్పడం మేము చూడ్డం అదే మొదలు. "ఫార్టీ ఇయర్స్, మేడమ్" అని ఆయనే ఇంగ్లీషులో జవాబిచ్చారు.

ఆ రాత్రి మోటెల్‌లో చపాతీలూ వంకాయకూరా తింటూ కొడుకు మెల్లగా అడిగాడు, అక్టోబరు టికెట్టు మార్పించమంటారా నాన్నగారూ అని. వచ్చేటప్పుడు ఇచ్చిన గడువు ఆరు నెలలు, దాన్ని పొడిగించమని అర్జీ పెట్టుకోవాలి. మాస్టారు వెంటనే ఏమీ అనలేదు. "మీ అమ్మ సంవత్సరీకం అక్కడ పెట్టాలి కదరా" అన్నారు కాసేపటికి. కొడుకు తలవంచుకున్నాడు. "చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద ఉప్పు వేస్తారు. బండి ఆగిపోతుంది, నేనూ ఆగిపోతాను. వసంతానికి చూద్దాం. దాన్ని మాత్రం నూనె వేసి లోపల పెట్టించు." ఇంతవరకే మేము విన్నది. టికెట్టు ఇంకా అక్టోబరుకే ఉంది.

సెప్టెంబరులో లేబర్ డే తరువాతి శనివారం మళ్ళీ వెళదామనుకుంటున్నాము. ఈసారి హఫ్‌మన్ ప్రెయిరీ చూడాలి. అన్నదమ్ములు 1904, 1905లలో ట్రామెక్కి పోయి ఎగరడం నేర్చుకున్న బయలది. ఎయిర్‌ఫోర్స్ స్థలంలో ఉన్నా సందర్శకులను రానిస్తారు. గేట్లు తెరిచివున్నదీ లేనిదీ ముందు ఫోను చేసి కనుక్కోవాలి. పక్కనే ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం, దానికీ టికెట్టు లేదు. పెద్దవాళ్ళను వెంటబెట్టుకు రండి, అద్దె సైకిళ్ళు వెతుకుదాము. స్వంత సైకిళ్ళు తెచ్చేవారు ముందు వారమే చైను కొలిచి చూసుకోండి, స్కేలు లేనివాళ్ళకు మాస్టారి దగ్గర ఉన్నది. కిరసనాయిలు డబ్బాలో ఇంకా సగం మిగిలింది.